బొగ్గు పోని చేతులు

రుత్విక్ చేతికున్న మందు గొట్టం మీది పాత ప్లాస్టరును నర్సు శోభ అంచు నుంచి మెల్లగా ఊడదీస్తోంది. నాలుగేళ్ల పిల్లాడికి రక్త కేన్సర్. వైద్యం హైదరాబాదులో, మధ్యలో ప్లాస్టరు మార్చడానికి గోదావరిఖని దవాఖానకు తెస్తారు. తల్లి సంతోషి మంచం పక్కన కూర్చునే తూగుతోంది. తండ్రి భూపాల్ బొగ్గుబాయి కార్మికుడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“అన్నా, జర వీని మోచెయ్యి పట్టు.”

అతను కదల్లేదు.

“ఏందన్నా, జేబుల బంగారం దాచినవా? చేతులు బయటికే తీస్తలేవు!”

పిల్లాడు నవ్వాడు. సంతోషి నవ్వలేదు.

“రోగం తెలిసిన కాంచి వాన్ని ముట్టుడే బందు వెట్టిండక్కా. ఎత్తుకునుడు, తినవెట్టుడు అన్నీ నేనే. నిద్ర వోయి ఎన్నొద్దులైందో.”

భూపాల్ చేతులు బయటికి తీశాడు. శోభ చెయ్యి ప్లాస్టరు మీదే ఆగిపోయింది. అతని వేళ్లన్నీ తోలు లేచిపోయాయి. కణుపుల దగ్గర నెత్తురు. బ్లీచింగ్ వాసన. బాయిలో నలిగిన వేళ్లకు ఆమె ఏళ్లుగా కట్లు కడుతోంది. ఇవి నలిగినవి కావు, ఒలిచినవి.

“ఎవరు చేసిన్రు గిది?”

“నేనే. బ్లీచింగ్ వోసి ఇటుకపెళ్లతోని తోముతున్న. గీతలల్ల బొగ్గు పోతలేదక్కా. గీ నలుపే వానికి అంటిందేమోనని...”

సంతోషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఆమె కూడా ఆ చేతులు చూడలేదు.

ముందు పిల్లాడి పని. గొట్టం చుట్టూ మందుతో తుడిచి, ఆరనిచ్చి, కొత్త ప్లాస్టరు అంటించింది. తర్వాత చేతులు కడుక్కొని భూపాల్‌ను కూర్చోబెట్టింది.

“నీ చేతులతోని రాలేదన్నా ఈ రోగం. మందమర్రి బాయిల పనిచేసిన మా నాయిన గిసొంటి చేతులతోనే నాకు బువ్వ కలిపి వెట్టిండు. తోలుల ఇంకిన నలుపుతోని ఏం గాదు. గిట్ల పుండ్లు చేసుకుంటే వాటిల్ల క్రిములు పడ్తయి, గవ్వి పిలగానికి ముప్పు. సబ్బు, నీళ్లు, గోర్లు కత్తిరించుడు. గంతే.”

డాక్టరుకు చూపించి, మందు రాసి, కట్లు కట్టి, పైన గ్లోవ్స్ తొడిగింది.

“మీ బాయిల షిఫ్టు దిగేటప్పుడు నీ జాగల రిలీవర్ రాకుంటే ఏమైతది?”

“లొల్లి అయితది.”

“మరి ఇంట్ల గామెకు రిలీవరేడి?”

శోభ పక్క మంచం చూపించగానే సంతోషి మారు మాట్లాడకుండా దాని మీద వాలిపోయింది.

గొట్టమున్న చెయ్యి పైకి ఉండేలా పిల్లాణ్ణి తండ్రి ఒడిలో కూర్చోబెట్టి, శోభ జావ గిన్నె, చెంచా అతనికి అందించింది.

“పట్టు. ఇగ చార్జి నీది.”