మా నాయన తల నల్లబడిన పంట

ఇప్పుడు చెప్పబోయేదంతా అక్షరం పొల్లు పోకుండా నిజమని, పొద్దున కోసి తెచ్చిన మల్బరీ ఆకు చేత పట్టుకుని, మా పురుగుల ఇంట్లో నాలుగో జ్వరంలో తలలెత్తుకుని పడుకున్న పట్టుపురుగుల మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. పురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా మెదలకుండా ఉండి పాత చర్మం విడుస్తుంది. దాన్నే మేము జ్వరం అంటాము. మా చింతామణి తాలూకాలో రేష్మె, అంటే పట్టు, పండించేవాడు దేవుడి మీదైనా దొంగ ఒట్టు వేస్తాడేమో గానీ జ్వరంలో ఉన్న పురుగుల మీద వేయడు. కెంచార్లహళ్ళి నుంచి కైవారం దాకా నన్ను ఎరిగినవాళ్ళు నేను ఏం చెప్పినా అందులో సగం తీసేసి వింటారని నాకు తెలుసు. వాళ్ళను తప్పు పట్టను. కాకపోతే ఈ మధ్య నాకు అబద్ధం చెప్పాలన్నా ఆయాసం వస్తోంది. అల్లినదాన్ని గుర్తు పెట్టుకోవాలి, రేపు మళ్ళీ అడిగితే అదే చెప్పాలి, అంత ఓపిక ఇప్పుడు యాభై నాలుగేళ్ళ ఈ ఒంట్లో లేదు.

పోయిన వారం మా పాప అన్నం డబ్బా మరచిపోయి చింతామణి కాలేజీకి వెళ్ళిపోతే, అది పట్టుకుని నేను తర్వాతి బస్సులో వెళ్ళాను. బస్సులో నిలబడే వచ్చానేమో, మోకాళ్ళు పట్టేసి గేటు పక్కన రాతి మీద కూర్చున్నాను. వాచ్‌మన్ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, లోపల ఇద్దరు స్నేహితురాళ్ళతో నిలబడి ఉన్న మా పాపకు కన్నడలో కేకేశాడు, మీ తాత వచ్చినాడు చూడమ్మా అని. ఆ పిల్లలు ఇద్దరూ తలలు తిప్పి నా జుట్టు వంక చూశారు. నాది ఆలస్యంగా జరిగిన పెళ్ళి, పాప ఇంకా ఆలస్యంగా పుట్టింది, జుట్టు మాత్రం దేనికీ ఆలస్యం చేయలేదు. మా పాప తొణకకుండా బెణకకుండా, తాత కాదు, మా నాయన అని కన్నడలోనే జవాబు చెప్పి, వచ్చి డబ్బా తీసుకుని, ఎండలో ఎందుకొచ్చావని నన్నే కోప్పడి వెళ్ళిపోయింది.

ఇంకో తండ్రి అయితే ఆ మాటకు సంతోషపడేవాడు. నాకు మాత్రం కాళ్ళలో ఉన్న బరువు గుండెల్లోకి వచ్చినట్టయింది. వచ్చే సోమవారం కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు ఉంది. ఆ రోజు ఇంకెంతమంది చూస్తారో, ఇంకెన్నిసార్లు ఆ పిల్ల అదే జవాబు చెప్పుకోవాలో అనుకుంటూ బస్టాండు దగ్గర అంగట్లో తలకు వేసుకునే డై పొట్లం ఒకటి కొన్నాను. జన్మలో మొదటిసారి. పొట్లం మీద బొమ్మలోని మనిషికి నా వయసులో సగం కూడా ఉండదు. అతనికి రంగు ఎందుకు కావలసి వచ్చిందో వాళ్ళే చెప్పాలి.

ఇంటికొచ్చి పొట్లం అద్దం వెనకాల దాచాను. దాచిన గంటకే మా ఆవిడ దాన్ని తీసి నా ముందు పెట్టింది.

“ఏమప్పా, ఈ వయసులో ఎవురికి చూపించుకోవాలని? పూసుకుంటే పూసుకో, నేనేం అడ్డం రాను. ఎనిమిది దినాలు పురుగుల ఇంట్లో కాలు పెట్టేది మాత్రం లేదు. నువ్వు తిన్నె మీద కూర్చుని కథలు చెప్పుకుంటాండు, నేను ఒక్కదాన్నే ఆకు వేస్తాంటా.”

ఆమె మాటలో న్యాయం ఉంది. రేపు శనివారం పురుగులు జ్వరం లేస్తాయి. లేచిన తర్వాత ఏడెనిమిది రోజులు వాటి ఆకలికి హద్దూ అదుపూ ఉండదు, పుట్టినప్పటి నుంచి తిన్నదంతా ఒక ఎత్తు, ఆ వారం తినేది ఒక ఎత్తు. సరిగ్గా అప్పుడే వాటికి ఏ ఘాటు వాసనా తగలకూడదంటారు. రంగు వేసుకోవాలా వద్దా అని నలుగురు స్నేహితులను అడిగి తేల్చుకునే సంగతి కాదు మాకు, పురుగులను కూడా అడగాలి. పైగా ఇదే వారం, ఇదే జ్వరం, ఇదే రంగు మా ఇంట్లో ఒకసారి జరిగిపోయినవే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చింతామణిలో హైస్కూలు చదివే రోజుల్లో మా పురుగుల ఇంటికి కావలి మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి. గడప మీద సున్నం చల్లి, పక్కన పీట వేసుకుని కూర్చునేది. లోపలికి పోయేది ఎవరైనా సరే ఆమె ముందు తల వంచాలి. ఆమె నెత్తి వాసన చూసి, ఊఁ అంటేనే గడప దాటాలి. సంపెంగ నూనె రాసుకున్నవాళ్ళు, ముఖానికి పౌడరు వేసుకున్నవాళ్ళు, బీడీ కాల్చినవాళ్ళు అందరూ అక్కడి నుంచే వెనక్కి. నేను పుట్టకముందు కొత్త కోడలిగా వచ్చిన మా చిన్నమ్మ జడలో మల్లెపూలు తీసేసి వచ్చినా, పూలు పోయినాయి గానీ వాసన యాడ పోయిందని మూడుసార్లు తలంటు పోసుకోమందట. ఊళ్ళో ఎవరింట్లో తిరగమోత వేశారో, దాంట్లో ఇంగువ పడిందో లేదో పీట మీద నుంచి లేవకుండా చెప్పేదని నేనంటే మా ఆవిడ నమ్మదు. మీరు నమ్మండి, ఒట్టు పెట్టాను కదా.

మా నాయన ఇద్దరు తమ్ముళ్ళను చదివించి, చెల్లెళ్ళను ఒక ఇంటివాళ్ళను చేసి, తన పెళ్ళి సంగతి అందరికంటే చివర చూసుకున్న మనిషి. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆయన తల తట్టల్లో పరిచిన పట్టుగూళ్ళలాగ తెల్లగా ఉండేది. ఆయన దాన్ని ఎప్పుడూ పట్టించుకున్నవాడు కాదు. పొద్దున ఆ తల మీద మల్బరీ ఆకు మోపు, సాయంత్రం ఒక తువ్వాలు, అంతే.

ఒకరోజు బళ్ళో ఏదో అర్జీ మీద తండ్రి సంతకం కావాలంటే ఆయన వచ్చాడు. ఆకు కోసి కోసి పచ్చబడిన చేతులతో, మోకాళ్ళ పైకి కట్టిన పంచెతో, ఆ తెల్లని తలతో తరగతి వాకిట్లో నిలబడ్డాడు. మేష్ట్రు నా వంక తిరిగి ఈయన ఎవరని కన్నడలో అడిగాడు. నేను లేచేలోపలే బెంచీలో నా పక్కన కూర్చునేవాడు లేచి, వాళ్ళ తాత సార్ అనేశాడు. తరగతిలో రెండు మూడు నవ్వులు వినిపించాయి. మేష్ట్రు మంచివాడే, మర్యాదగానే చెప్పాడు, తాతగారి సంతకం చెల్లదు, రేపు పిల్లవాడి తండ్రిని పంపించండి అని. మా నాయనకు కన్నడం బాగానే వచ్చు. నేనే తండ్రిని అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అట్లాగే సార్, రేపు పంపిస్తాను అని చేతులు జోడించి, మడత విప్పని అర్జీ కాగితంతో వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు మొదటి బస్సులోనే ఆయన చింతామణిలో దిగి, బస్టాండు పక్కన కటింగు షాపు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాడట. పది గంటలకు మా తరగతి వాకిట్లోకి వచ్చిన మనిషిని నేను ఒక నిమిషం గుర్తు పట్టలేదు. నెత్తి బొగ్గులాగ నల్లగా ఉంది, చెవుల పైన కూడా రంగు అంటి అక్కడ కూడా మీసం మొలిచినట్టుంది. నేను పిల్లవాడి తండ్రిని సార్ అన్నాడు. మేష్ట్రు సంతకం పెట్టించుకుని, నిన్న మీ నాయనగారు వచ్చారు, అచ్చం ఆయన పోలికే మీకు అన్నాడు. మా నాయన ఔను సార్, అందరూ అదే అంటారు అని తల వంచుకున్నాడు.

అదే రోజు మా పురుగులు నాలుగో జ్వరం లేచాయి. సాయంత్రం నేను ఆకు గంప నెత్తిన పెట్టుకుని వెనకాల వస్తుంటే, ఆయన రోజూలాగే గడప ముందు ఆగి, వాళ్ళమ్మ ముందు తల వంచాడు. అలవాటైన పని కాబట్టి వంచాడో, జరగబోయేది తెలిసే వంచాడో నాకు ఈనాటికీ తెలియదు. అవ్వ ముఖం దగ్గరికి తెచ్చి, వెంటనే వెనక్కి లాక్కుంది.

“ఏందిరా ఇది? నెత్తికి ఏం పూసుకున్యావు?”

“రంగు, అమ్మా.”

“పురుగులు ఆకలి మీదుంటే నీకు రంగు కావలసి వచ్చెనా? ఎవురికోసరంరా?”

“బళ్ళో సంతకం పెట్టాల్సి ఉండె.”

“సంతకం చేత్తో పెడతారా, నెత్తితో పెడతారా?”

ఆయన పక్కకు తిరిగి ఒకసారి నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. తర్వాత గడప వదిలి తోట వైపు నడిచాడు.

ఆ పంట పూర్తయ్యేదాకా ఆయన పురుగుల ఇంట్లోకి రాలేదు. తెల్లవారుజామున లేచి ఆకు కోసి, గంపలు మోసుకొచ్చి కిటికీలోంచి అందించేవాడు. లోపల మా అమ్మ, అవ్వ, బడి మానేసి నేను. మేత వేయగానే పురుగులు ఆకు కొరికే చప్పుడు జడివాన పడుతున్నట్టు ఉండేది. ఆ చప్పుడును బట్టి ఏ మూల తట్టలకు ఆకు చాలలేదో బయటి నుంచే చెప్పేవాడు, ఆ మూలవి చూడమ్మా, ఆకలి మీదుండాయి అని. కానీ చెప్పే నోరు కాదు, వేసే చేతులు కావాలి. మేము ముగ్గురం చాలలేదు. మేత సమయానికి అందక, కింద చెత్త తీయలేక, ఒక వరస తట్టలన్నిట్లో పురుగులు పాలిపోయి ఉబ్బి చచ్చాయి. గుంట తవ్వి సున్నం చల్లి పూడ్చింది మా నాయనే. ఊరంతా దాన్ని రంగు వాసనకు పోయిన పంట అంది. బతికినవాటిలో కూడా కొన్ని బూడిద రంగు గూళ్ళు కట్టాయి. మార్కెట్లో వాటిని చూసి గూళ్ళ నుంచి దారం తీసేవాళ్ళు ఇదేం జాతి అప్పా, విత్తనం మాకూ ఇప్పించు అని వెంటపడ్డారు.

ఆయన మళ్ళీ ఎప్పుడూ రంగు వేసుకోలేదు. నెలల తరబడి కింద తెలుపు, పైన నలుపుగా రెండు రంగుల తలతో తిరిగాడు. ఎవరైనా నవ్వితే తానూ నవ్వేవాడు.

ఈ కథ మా పాపకు చిన్నప్పటి నుంచి లెక్కలేనన్నిసార్లు చెప్పాను. మీ నాయనగారి పోలికే అన్న చోట పడీ పడీ నవ్వుతుంది, పురుగులను పూడ్చిన చోట చల్లబడిపోతుంది. ప్రతిసారీ చివర ఒకే ప్రశ్న అడుగుతుంది, “ఆ పొద్దు తాత, నేనే వాళ్ళ నాయన అని ఎందుకు చెప్పలేదు నాయనా?” మీ తాతకు కన్నడం సరిగా రాదు అని ఆమెతో అంటాను. “ఆ బెంచీవాడు ఇప్పుడు యాడుండాడు? దొరికితే చెప్పు, నేనే పోయి నాలుగు అడుగుతా,” అంటుంది.

ఇప్పుడు పురుగులు రెండో జ్వరం దాటిన తర్వాత పెంపకం కేంద్రాల నుంచి పెట్టెల్లో వస్తాయి. వాటికి ఇంటికి దూరంగా రేకుల షెడ్డు, ఒక్కో ఆకూ కోసే పని లేకుండా కొమ్మలకు కొమ్మలే మేత. గడప దగ్గర పీట లేదు, వాసన చూసే అవ్వ లేదు. అంగళ్ళలో డై పొట్లాలు తోరణాల్లాగ వేలాడుతుంటాయి. మన ఈడువాళ్ళు అందరూ ఒకే నలుపుతో తిరుగుతున్నారు, పెళ్ళిళ్ళలో వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. తప్పని అనను. కానీ తల దగ్గరికి తీసుకుని, ఎవరికోసంరా ఇది అని అడిగే మనిషి మాత్రం ఏ ఇంట్లోనూ మిగల్లేదు. ఆ ప్రశ్న నన్ను నేనే వేసుకోవలసి వచ్చింది, జవాబు తేలడానికి వారం పట్టింది.

ఒట్టు పెట్టాను కాబట్టి ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. బూడిద రంగు గూళ్ళ సంగతి మీరు ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారు, దాన్ని ఒప్పుకోలు కింద లెక్కపెట్టను. నేను కల్పించింది బెంచీలో పక్కవాడిని. ఆ రోజు నా పక్కన ఎవరూ లేరు. మేష్ట్రు అడిగితే లేచి నిలబడింది నేను. నేను అన్నది వాళ్ళ తాత సార్ అని కాదు, మా తాత సార్ అని. కన్నకొడుకు తరగతిలో అబద్ధాలకోరు అనిపించుకోకుండా, ఆయన ఆ పూటకు తాత అయ్యాడు, మరుసటి రోజు తలకు రంగు వేసుకుని తండ్రి అయ్యాడు.

పొట్లం మా ఆవిడకు ఇచ్చేశాను. రేపు పురుగులు జ్వరం లేస్తే మొదటి మేత నేనే వేస్తాను. సోమవారం ఈ తలతోనే మీటింగుకు వెళతాను. బస్సులో మా పాప పక్కన కూర్చుని, ఆ బెంచీవాడు దొరికాడమ్మా, అడగాల్సిన నాలుగూ ఇప్పుడే అడుగు అని చెబుతాను.