తలంబ్రాలకు చెయ్యి లేవని కేప్

2022 ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. నాందేడ్ జిల్లా కుండల్‌వాడి బజారులోని నా కుట్టు దుకాణంలో గుడ్డలు కుప్పలుగా పడి ఉన్నాయి. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. నాకు రాని పని లేదన్న పొగరు కూడా కొంచెం ఉండేది.

సుజాత అనే పెళ్ళికూతురు వాళ్ళ అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. ఫోనులో ఎవరో విదేశీ రాణి పాత చిత్రం చూపించి, భుజాల మీద నుంచి మోచేతుల దాకా జారే అలాంటి కేప్ పెళ్ళి చీర మీదికి కావాలంది. గుడ్డ కోసం అవ్వ తన పెళ్ళి పట్టుచీర తెచ్చింది. కూలి చేసి బతికిన ఆ ఇంట్లో ఉన్న పట్టు అదొక్కటే. మధ్యలో చిరిగిపోయింది, కొంగు మాత్రం బాగుంది. కత్తెర పెట్టేముందు ఆ కొంగును రెండుసార్లు కొలుచుకున్నాను.

ఆ కొంగులో కేప్‌కు కావలసిన నిండు గుండ్రపు ముక్క రాలేదు. చిత్రంలో ఉన్నట్టే ముందువైపు మూసి, కాస్త ఇరుకుగా కుట్టాను. పెళ్ళికి రెండు రోజుల ముందు ట్రయల్, అంటే తొడిగి చూసుకోవడం. అద్దం ముందు సుజాత నిజంగా రాణిలాగే ఉంది. నేను మురిసిపోతుంటే అవ్వ అడిగింది.

"తలంబ్రాలు ఎట్ల పోస్తవే? చేతులు లేపు."

చేతులు రొమ్ము దాటి లేవలేదు. ఇంకాస్త లేపబోతే కుట్లు చిటచిటమన్నాయి. సుజాతకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. అతుకు వేద్దామంటే అలాంటి పట్టు నాందేడ్ అంతా వెతికినా దొరకదు.

అవ్వ మాత్రం గోడవారన ఉన్న గోనెసంచి తీసి, ఒక కొసను లోపలికి మడిచి నెత్తిన వేసుకుంది. వానలో కలుపు తీసే ఆడవాళ్ళు కప్పుకునే కొప్పెర అది.

"గిది ఏస్కొనే ఇన్నేండ్లు కలుపు తీసిన. ముంగట తెరిచి, మెడకాడ ముడేస్తే చేతులు ఆడ్తయి. చీర నాది, నేను చెప్తున్న. కొయ్యి బిడ్డా."

ముందువైపు నిలువునా కోశాను. మిగిలిన జరీ ముక్కలతో అంచులకు పైపింగ్, అంటే సన్నని పట్టీ, వేసి మెడ దగ్గర ముడేసుకునే డోరీ పెట్టాను. సుజాత చేతులెత్తి నా నెత్తి మీద ఉత్తుత్తి తలంబ్రాలు పోసింది. ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. పెళ్ళిలో అయితే పెళ్ళికొడుకు తల కనబడకుండా పోసిందట.

ఆ ట్రయల్ రోజు నుంచి కొలత టేపు తీయకముందే, ఈ బట్ట వేసుకుని ఏం చేస్తారని అడుగుతున్నాను. నేను మొదట అడిగింది అవ్వనే. పెళ్ళికి ఆమె రవిక కూడా నేనే కుట్టాలి మరి.

"ఏం చేస్త? బరాత్‌ల ఎగురుత. చంకల కాడ ఒదులు పెట్టు."

పెట్టాను. బరాత్ ఊరేగింపు నా దుకాణం ముందు నుంచే వెళ్ళింది. బజారు దాటేదాకా అవ్వ ఆడుతూ ఎత్తిన చేతులు దించలేదు. కుట్టు ఒక్కటీ తెగలేదు.