రసాల దీక్షలో రెండో రోజు

హైటెక్ సిటీ కొత్తగా వెలిసిన రోజులు. అక్కడ ప్రోగ్రామర్‌గా చేరిన ఏడాదికే సమోసాలతో నాకు బొజ్జ వచ్చింది. మళ్ళీ దారిలో పడదామని, మూడు రోజులు పళ్ళరసాలే తాగుతానని ఆఫీసంతా చాటాను.

రెండో రోజు మధ్యాహ్నానికి కళ్ళు తిరిగాయి. కాఫీ గదిలో ఎవరిదో డబ్బా కనిపిస్తే, నిలబడే రెండు జొన్నరొట్టెలూ వంకాయకూరా లాగించేశాను. మూత పెడుతుండగా ఆఫీసు ఊడ్చే యాదమ్మ వచ్చింది. బోరబండ నుంచి ఆమె తెచ్చుకున్న డబ్బా అది!

"తప్పయిపోయిందండీ, ఆకలికి ఆగలేకపోయాను" అన్నాను తలవంచుకుని.

"ఆకలైతే అడగాలె బిడ్డా. కూర మంచిగున్నదా?" అంది.

వెంటనే ఆమెను క్యాంటీన్‌కు తీసుకెళ్ళాను. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం భోంచేశాం. ఆమెను పస్తుంచబోయింది నేను, నా ఆకలిని అర్థం చేసుకున్నది ఆమె. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.