పక్కోడి చెయ్యి చూడకూడదు

అనకాపల్లి కాంప్లెక్సులో నక్కపల్లి బస్సెక్కితే, రాజయ్యపేటలో చేపలవేట చేసుకునే ఓ ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. నా ఒళ్లో కాగితం మీది బొమ్మ చూసి "ఏటి బాబూ అది?" అన్నాడు.

జెట్ ఇంజనని చెప్పాను. చుట్టూ మైకులు పెట్టి, దాని మోత ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం మా పని. మా ఆఫీసరు ఇంజను మీద ఒక చోటు చూపిస్తే అందరం అక్కడే అన్నాం. అక్కడ ఎన్ని మార్పులు చేసినా మోత తగ్గలేదు.

ఆయన నవ్వేడు. "మంచులో మాకు ఒడ్డు కనపడదు. పడవలో నలుగురం కెరటం మోత ఇనపడ్డ వేపు సెయ్యి సూపిత్తాం. ఎక్కువ సేతులు ఎటుంటే అటు తెడ్డేత్తాం." చెబుతూనే కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపేడు.

"కళ్లెందుకు మూశారు?"

"తెరిత్తే పక్కోడి సెయ్యి సూసేత్తాం బాబూ."

ఆఫీసుకి తిరిగెళ్లాక, నాతో పనిచేసే నలుగురికీ అవతలిది కనపడేంత పల్చటి కాగితం తలోటి ఇచ్చాను. వాటిమీద ఇంజను బొమ్మ లేదు, మైకులున్న చోట్లే గుర్తేశాను. ఒకరిది ఒకరు చూడకుండా, మైకుల లెక్కనిబట్టి మోత పుట్టేచోట చుక్క పెట్టమన్నాను. ఆఫీసరుక్కూడా ఇచ్చాను. తర్వాత అన్నీ బొమ్మమీద పరిచాం.

ఒక్క చుక్కా ఇంజను మీద పడలేదు. దాని వెనక, వేడిగాలి బయటి గాలిని ఒరుసుకునేచోట, ఏమీ లేదనుకున్న ఖాళీలో, అన్నీ ఒక్కదగ్గరే పడ్డాయి.