మరదలు గీసిన దారి

ప్లానింగ్ ఆఫీసులో ఆయన్ని అందరూ గీతల మాస్టారు అనేవాళ్ళు. ఆయన బడిలో పాఠాలు చెప్పినవాడేమీ కాదు. కంప్యూటర్లు రాకముందు చేత్తో గీత గీస్తే తాడు బిగించి కట్టినట్టు ఉండేదని ఆ పేరు వచ్చింది. ఎవరు గీసినా గీత ఒకేలా వచ్చే కాలం వచ్చాక కూడా పేరు మాత్రం నిలిచిపోయింది. నగరం నాలుగు వైపులా పెరుగుతుంటే ఏ కాలనీకి ఎంత రోడ్డు అని గీయడంలోనే ఆయన వయసు గడిచింది. అవన్నీ కార్ల కోసం గీసినవి. తన ఇష్టంకొద్దీ గీసుకున్నది ఒక్కటే. కాలువ గట్టు మీద, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ఒక దారి.

పాత వంతెన దగ్గర మొదలై, ఒక్క సిగ్నలూ అడ్డు రాకుండా, నీళ్ళ పక్కనే వంపులు తిరుగుతూ కొత్త కాలనీల దాకా పోయే దారి అది. వచ్చిన ప్రతి అధికారికీ చూపించేవాడు. ప్రతి అధికారీ బాగుందనేవాడు, వచ్చే ఏడాది చూద్దామనేవాడు, వచ్చే ఏడాదికల్లా బదిలీ అయిపోయేవాడు. కూతురు చిన్నప్పుడు సైకిలు నేర్పమని అడిగితే, రోడ్డు మీద వద్దమ్మా, గట్టు దారి పడనీ, అక్కడ నేర్పుతానన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు పై తరగతులకు వచ్చింది. అడగడం ఎప్పుడో మానేసింది.

ఆ ఆఫీసుకే ఆయన మరదలు ఉద్యోగానికి వచ్చింది. భార్యకి చెల్లెలు, వయసులో బాగా చిన్నది. చదువుకునే రోజుల్లో వాళ్ళింట్లోనే ఉండేది. మ్యాపు ఎలా చదవాలో భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి ఆయనే నేర్పాడు. ఆఫీసులో ఆమె ఆయన్ని సార్ అనేది, మీరు అనేది. గేటు దాటగానే బావా, నువ్వు. ఈ మార్పు చూసి ప్యూను నవ్వుకునేవాడు. మొదట్లో ఆయనా నవ్వాడు.

ఏడాది తిరక్కుండానే ఆ నవ్వు పోయింది. ఆమె సైకిలు మీద ఆఫీసుకి వచ్చేది. ఆవరణలో బెల్లు మోగితే చాలు, అందరూ తలెత్తేవాళ్ళు. వాచ్‌మన్ పరుగున వెళ్ళి సైకిలు నీడలో పెట్టేవాడు. ఇన్నేళ్ళలో ఆయన స్కూటరు ఎండలో ఉందో వానలో ఉందో ఎవరూ చూడలేదు. ఒకరోజు ఆమె వానలో తడిసి వస్తే ఒకరు తువ్వాలు, ఒకరు టీ తెచ్చి ఇచ్చారు. అదే వానలో ఆయనా తడిసే వచ్చాడు. తడి చొక్కాతోనే కూర్చుని, ఆమె తల తుడుచుకోవడం ఓరకంట చూస్తూ ఉండిపోయాడు.

నడక దారులకీ సైకిలు దారులకీ నగరం మొదటిసారి ఒక ప్రణాళిక వేయించింది అప్పుడే. ముందు ఒక్క దారి కట్టాలి. అది వెన్నెముక. మిగతావన్నీ తర్వాత దానికి వచ్చి కలవాలి. ఆయన కాలువ గట్టు మ్యాపు పట్టుకెళ్ళాడు. మరదలు రెండు బడులనీ, ఆసుపత్రినీ, మార్కెట్టునీ కలుపుతూ ఇరుకు వీధుల్లోంచి పోయే దారి పట్టుకెళ్ళింది. అధికారి రెండూ పక్కపక్కన పరిచి చూశాడు.

"గట్టు అందంగా ఉంది మాస్టారూ. కానీ పొద్దున్నే షికారుకి వచ్చేవాళ్ళు తప్ప, పనిమీద పోయేవాళ్ళు అటు ఎందుకొస్తారు?"

ఆ మాట ముల్లులా దిగింది. ఒక వారం ట్రాఫిక్ కోన్లు, సున్నం గీతలు పెట్టి ముందు వీధుల దారి నడిపి చూడాలని, జనం వస్తే అదే వెన్నెముక అని, రాకపోతే గట్టు కట్టాలని నిర్ణయమైంది. ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఫోనులో చెల్లెలితో మాట్లాడి మురిసిపోతూ వచ్చింది. కూతురు పిన్నిలా జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటానంది. ఆయన కంచం ముందు కూర్చుని, వడ్డించినదంతా చల్లగా ఉందన్నాడు. లేదు, పొగలు వస్తున్నాయి.

తేదీలు ఖాయం చేసే పని ఆయనదే. ఎక్కడ తవ్వకాలున్నాయి, ఎప్పుడు రోడ్డు ఖాళీ చేయవచ్చు అన్నది ట్రాఫిక్ వాళ్ళతో మాట్లాడి చెప్పేది ఆయనే. బడులు తెరిచాక రెండో వారం కావాలని మరదలు అడిగింది. ఆ వారం అక్కడ పైపుల కోసం తవ్వుతున్నారని, ఖాళీ ఉన్నది సెలవుల చివరి వారమేనని ఆయన చెప్పాడు. పైపుల పని ఉన్నమాట నిజమే, కాకపోతే పక్క వీధిలో. బడికి పోయే పిల్లల కోసం గీసిన దారిని బడి లేని రోజుల్లో పరీక్షిస్తే ఏమవుతుందో ఆ ఆఫీసులో ఎవరికైనా తెలుసు. సెలవుల్లో తీసిన లెక్క లెక్కే కాదన్న సంగతి ఆమెకి నేర్పింది కూడా ఆయనే. ఆమె ఒక క్షణం ఆయన ముఖం వంక చూసి, సరే సార్, అంది.

మొదటి రోజు ఆయన అనుకున్నట్టే అయింది. వీధి పొడవునా ఎర్రకోన్లు నిలబడ్డాయి, వాటి మధ్య ఒక కుక్క పడుకుంది. బండ్లు ఆపుకునే చోటు పోయిందని ఇనుప సామాన్ల కొట్టాయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఈ టోపీలన్నీ ఎవరికి పెడదామని మేడమ్?"

"మీకే అన్నా. సైజు సరిపోతుందో లేదో చూసుకోండి," అంది మరదలు.

ఈ ముచ్చట ప్యూను వచ్చి చెబితే ఆయన కూడా నవ్వాడు. ఆమె మీద కొట్టువాళ్ళకి కోపం ఉందన్న సంతోషంతో నవ్వాడు. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

వారం సగమైందో లేదో, పిల్ల సాయంత్రాలు ఇంట్లో ఉండటం లేదని భార్య అంది. ఎక్కడికి పోతోందంటే, వాళ్ళ పిన్ని దగ్గరికే, ఇంకెక్కడికి అంది. ఆయన స్కూటరు తీశాడు.

వీధి మొదట్లోనే ఆపాల్సి వచ్చింది. కోన్ల లోపల దారి కిటకిటలాడుతోంది. బడి లేదు, ఎండ తగ్గింది, కార్ల భయం లేదు. ఆ చుట్టుపక్కల సైకిలు రాని పిల్లలంతా నేర్చుకోవడానికి అక్కడే దిగారు. తల్లులు వెనక పరుగెడుతున్నారు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన, ఎవరూ హారన్ కొట్టకుండా రోడ్డు మధ్య నడవడం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినట్టు, తీరిగ్గా అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇనుప సామాన్ల కొట్టాయన స్టూళ్ళు బయట వేసి, వచ్చినవాళ్ళకల్లా మంచినీళ్ళిస్తూ, బ్రేకులు బిగించిపెడుతున్నాడు.

ఆ గుంపులో తన కూతురు. మరదలి సైకిలు మీద, హ్యాండిల్ రెండు వైపులా ఊగిపోతూ. వెనక సీటు పట్టుకుని మరదలు పరుగెడుతోంది. చెప్పులు ఎక్కడో వదిలేసింది. కాస్త దూరం పోయాక చెయ్యి తీసేసింది. పిల్ల తూలింది, నిలదొక్కుకుంది, సాగిపోయింది. మలుపు దగ్గర పడింది. పడి, నవ్వుతూ లేచి, వెనక్కి తిరిగి పిన్ని కోసం చూసింది.

ఆయన ఆగి ఉన్న ఒక వ్యాను చాటున నిలబడి ఉన్నాడు. గట్టు పోతే పోయింది. ఉద్యోగంలో పేరు పోతే పోయింది. ఆ వెనక సీటు మాత్రం తను పట్టుకోవాల్సింది. ఈ వీధిని పిల్లలకి ఖాళీ చేసి ఇచ్చింది తనేనని గుర్తొచ్చేసరికి ఒళ్ళు మండింది. పలకరించకుండా ఇంటికి వచ్చేశాడు. మోకాలు దోక్కుపోయి వచ్చిన కూతుర్ని, ఈ వయసులో అవసరమా అని కసిరాడు.

వారం ముగిసి కోన్లు తీసుకుపోవడానికి లారీ వస్తే తల్లులు అడ్డం నిలబడ్డారు. బడులు తెరిచేదాకా ఉంచండి, మా పిల్లలు ఈ దారినే వెళతారు అన్నారు. వాళ్ళకి ముందు నిలబడినవాడు ఇనుప సామాన్ల కొట్టాయన. ఉంచారు. బడులు తెరిచిన రోజున పిల్లలు వరసకట్టి ఆ దారినే వెళ్ళారు.

మీటింగులో అధికారి సంబరంగా ఉన్నాడు. నేర్చుకోవడానికి తీరిక ఇచ్చి, ఆ తర్వాత బడికి పంపించడం, ఇలా ఇంకెక్కడా చేసినట్టు లేదే, సెలవుల్లో పెట్టాలన్న ఆలోచన ఎవరిది అని అడిగాడు.

"సార్‌ది," అంది మరదలు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తల ఊపాడో లేదో ఆయనకే తెలియదు.

మెట్ల దగ్గర ఆమెని ఆపాడు. ఎందుకలా చెప్పావన్నాడు.

"పైపుల పని పక్క వీధిలో అని నాకు ఆ రోజే తెలుసు బావా." ఆఫీసులో ఆమె బావా అనడం అదే మొదటిసారి.

"తెలిసి ఎందుకు ఒప్పుకున్నావ్?"

"కాదంటే అసలు తేదీయే ఇచ్చేవాడివి కాదుగా."

అక్కకి చెప్పావా అని అడిగాడు. చెప్పలేదంది. చెప్పనని మాటివ్వలేదు, తిట్టనూ లేదు. చేతిలో ఉన్న మ్యాపు విప్పి గోడకి ఆనించి పెట్టింది. మార్కెట్టు మూల దగ్గర దారి ఒక్కసారిగా సన్నబడుతుంది. అటు నుంచి సామాన్ల బండ్లు తిరుగుతాయి, ఇటు నుంచి పిల్లలు వస్తారు. తను గీసింది సరిగ్గా ఉందో లేదో నమ్మకం లేదని, కట్టడానికి పంపేముందు ఒకసారి చూడమని అంది. వేళాకోళమేమోనని ఆమె ముఖంలోకి చూశాడు. కాదు. అందుకే ఇంకా కష్టంగా అనిపించింది.

రేపు చూస్తానన్నాడు. కానీ అందరూ వెళ్ళాక మ్యాపు బల్ల మీద పరిచి, పాత అలవాటుకొద్దీ పారదర్శక కాగితం దాని మీద వేసి, పెన్సిలు చెక్కాడు. తప్పు దొరుకుతుందనే కూర్చున్నాడు. దొరకాలనే కూర్చున్నాడు. బండ్లు తిరిగే మేర వదిలాడు, నడిచేవాళ్ళు నిలబడే మేర వదిలాడు, సైకిలు వంపుని ఇంకాస్త లోపలికి తీసి చూశాడు. గోడ తగిలింది. బయటికి తీశాడు. బండ్లు తగిలాయి. చెరిపి మళ్ళీ మొదలుపెట్టి, కింద ఉన్నదాన్ని చూడకుండా, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాడు. పూర్తయ్యాక వంగి చూస్తే, ఆయన గీత ఆమె గీత మీదే పడి ఉంది. రెండు గీతలున్నట్టే తెలియడం లేదు.

మర్నాడు ఆమె బల్ల మీద మ్యాపు పెట్టాడు.

"మార్చడానికేం లేదు. పంపించెయ్," అన్నాడు. మామూలుగా అందామనుకున్నాడు గానీ గొంతు పుల్లగానే వచ్చింది.

థాంక్స్ సార్, అంది ఆమె తలెత్తకుండా. ఆయన తన కుర్చీ దాకా వెళ్ళి, కాలువ గట్టు మ్యాపు తీసి, అది ఆమె దారిలో ఎక్కడ కలిస్తే బాగుంటుందో వెతకడం మొదలుపెట్టాడు.