ముప్పై ఎనిమిది చుక్కలు

పదకొండేళ్లుగా రెండు మాటలు మోస్తున్నాను. "అవ్ సార్." అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు మా అక్కను చూడలేదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. చదివింది ఏడో తరగతి. కొంగరకలాన్‌లో పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో ఎంత వంకర చెలకనైనా గజాల్లోకి లెక్కగట్టి ఇచ్చేవాణ్ణి. నా లెక్క తప్పదని పేరు. ఆ పేరు అందరికన్నా నేనే ఎక్కువ నమ్మాను.

అక్కకు రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకోసారి పట్నం దవాఖానకు తీసుకెళ్లేవాణ్ణి. ఆమెకు ఎక్కించే మందుకు మామూలు గొట్టం పనికిరాదు. కంటికి కనిపించని నలుసులు ఒంట్లోకి పోకుండా గొట్టం మధ్యలో ఫిల్టర్ ఉండాలి. మొదటి మూడుసార్లు అలాగే ఎక్కించారు. గడ్డ నాలుగు సెంటీమీటర్ల నుంచి రెండున్నరకు తగ్గింది.

నాలుగోసారి చుక్కలు నెమ్మదించాయి. గడియారం చూస్తూ లెక్కించాను. నిమిషానికి యాభై ఆరు పడాలి, ముప్పై ఎనిమిదే పడుతున్నాయి. ఫిల్టర్ మూసుకుపోయినట్టుంది. కొత్తది బయటి నుంచి తెప్పించాలన్నారు. ఆరు దాటితే ఆదిభట్ల దారంతా కంపెనీ బస్సులే, అక్క నడుము ఆటోలో అంతసేపు ఆగదు. నిజంగా ఆమె నడుము కోసమేనా? ఆరులోపు బయటపడతామని నేను వేసిన లెక్క నా కళ్లముందే తప్పుతోందన్న ఉక్రోషం కాదా?

"సిస్టర్, మామూలు సెట్టు పెట్టు. మందు నీళ్ల తీర్గనే తేటగున్నది" అన్నాను.

"డాక్టర్ సారు ఫిల్టర్ రాసిండన్నా."

"ఇంక ఏడు వేల చుక్కలున్నయ్. గిట్ల పడితే మూడు గంటలు. మామూలు సెట్టుకు రెండే."

అక్క నవ్వింది. "మా తమ్మునితోని లెక్కల పెట్టుకోకు సిస్టర్. పెండ్లిల అక్షింతలు గూడ లెక్కవెడ్తడు."

ఆ సిస్టర్ కొత్తగా చేరింది. నా అంకెలకు తలవంచింది. గొట్టం మార్చింది.

ఆదిభట్ల దాటకముందే అక్కకు చలి, ఆయాసం. ఆటో వెనక్కి తిప్పించాను. మర్నాడు డాక్టర్ నన్ను అడిగాడు. "ఫిల్టర్‌తోనే ఎక్కించిన్రు కదా?"

సిస్టర్ నా వైపు చూసింది. ఆమె ఉద్యోగం పోతుందని భయపడ్డానని ఏళ్లపాటు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే.

"అవ్ సార్."

"అయితే ఈమెకు ఈ మందే పడలేదు. ఆపేద్దాం."

గడ్డను తగ్గిస్తున్న మందు అలా ఆగిపోయింది. వేరేది పెట్టారు. గడ్డ మూడైంది. తర్వాత నాలుగున్నర. ఆపైన కొలతలు అడగడం మానేశాను.

చివరి రోజుల్లో అక్కే నన్ను ఓదార్చింది. "నీ తిరుగుడంత ఉత్తదైపాయె తమ్మి. నా పెయ్యికే మందు పడలే." తన ఒంటినే తప్పుపట్టుకుంటూ పోయింది. ఆ ఒక్క మాట సరిదిద్దడానికి నాకు నలభై రోజులు దొరికాయి. రోజూ ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. గ్లూకోజు సీసాలో చుక్కలు లెక్కపెట్టాను.

ఆ ఆయాసం ఫిల్టర్ లేకపోవడం వల్లనేనా? తెలియదు. నిజం చెప్పి ఉంటే డాక్టర్ అదే మందును ఫిల్టర్‌తో మళ్లీ ఎక్కించి చూసేవాడా, అప్పుడైనా అక్క బతికేదా? అదీ తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను. ఆ రోజు నేను మిగిల్చింది ఒక్క గంట.

డాక్టర్ అడిగిన దానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. వినడానికి అక్క లేదు.

లేదు సార్. ఫిల్టర్ నేనే తీయించిన.