టవలు అంటే తవొరు

ముంతాజ్‌కి జపనీసు భాషలో అన్నిటికంటే కష్టంగా తోచింది ఇంగ్లీషు.

తిరువూరు బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టే అబ్దుల్ సలాంకి ఆమె పెద్ద కూతురు. నర్సింగు చదివి ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. జపానులో ముసలివాళ్ళను చూసుకోవడానికి నర్సింగు చదివినవాళ్ళను తీసుకుంటున్నారని తెలిశాక, డ్యూటీ దిగి రాగానే ఫోను ముందు కూర్చుని, విజయవాడ నుంచి సౌజన్య మేడమ్ చెప్పే ఆన్‌లైను క్లాసులు వినడం మొదలుపెట్టింది. అక్షరాలు తొందరగానే పట్టుబడ్డాయి. నీళ్ళకీ నొప్పికీ మందుకీ ఏమంటారో తండ్రి కుట్టుమిషను చప్పుడులోనే వల్లె వేసేసింది. చిక్కంతా ఇంగ్లీషు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిపోయిన మాటలతో వచ్చింది. వాటిని రాసే లిపి కూడా వేరే. కూడబలుక్కుని చదివేది, కానీ చదివిందేమిటో బోధపడేది కాదు.

ఒక రోజు క్లాసులో వినికిడి పరీక్ష పెట్టారు. ఆడియోలో ఒక ముసలాయన "తవొరు" కావాలని అడిగాడు. ముంతాజ్ మందుబిళ్ళ బొమ్మ మీద నొక్కింది.

"టవల్ ముంతాజ్, టవల్! రోజూ నీ చేతిలో ఉండేదేగా?" అంది సౌజన్య.

తెర మీద చిన్న చిన్న గడుల్లో ఉన్న మిగతావాళ్ళు పకపకా నవ్వారు. ముంతాజ్ కెమెరా ఆపేసింది. తెలియని మాట తప్పితే బాధ లేదు. చిన్నప్పటి నుంచీ తెలిసిన మాట ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయింది. ఇక ఈ చదువు తన వల్ల కాదనిపించింది.

కూతురి మొహం చూసి సలాం మిషను ఆపాడు. "కష్టంగా ఉంటే మానెయ్ బేటా. ఇక్కడ ఉద్యోగం ఉందిగా, నిన్నెవరేమంటారు?"

తిట్టినా బాగుండేదనుకుంది ముంతాజ్. ఆ మెత్తని మాటకి ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున వార్డులోకి వెళ్ళేసరికి, తుంటి ఎముక విరిగి చేరిన వినగడప రావమ్మ మంచం మీద కూర్చుని ఉంది. రావమ్మకి వార్డులో అందరి మీదా అధికారమే.

"అమ్మాయ్, మొహం తుడుచుకుంటాను గానీ ఆ టవలు ఇట్టా ఇయ్యి. టేబులు మీద గ్లాసు కూడా అందుకో."

టవలు అందించబోతున్న ముంతాజ్ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. టవలు. టేబులు. గ్లాసు. రావమ్మే కాదు, తనూ, నాన్నా, ఊరంతా ఇంగ్లీషు మాట చివర ఒక 'ఉ' తగిలించే పలుకుతారు. జపానువాళ్ళు చేసిందీ అదే! కాకపోతే వాళ్ళకి 'ల' నోరు తిరగదు, 'ర' అంటారు. 'ట' మెత్తబడి 'త' అవుతుంది.

"టవలు, తవరు, తవొరు," అంది ముంతాజ్ పైకే. "టేబులు, తేబురు. గ్లాసు, గురాసు."

"ఏంటమ్మా ఆ గొణుగుడు? నా ఒంట్లో ఏమన్నా ఎక్కువైందా?"

"లేదు మామ్మా. ఏదీ, బస్సు అనండి."

"బస్సు. ఏం, నన్ను ఇంటికి పంపించేస్తున్నారా?"

ముంతాజ్ నవ్వు ఆపుకోలేకపోయింది. రాత్రంతా గుండెల మీద మోసిన బరువు దిగిపోయినట్టయింది. ఆ రోజు నుంచీ ఏ మాట ఎదురైనా ముందు దాన్ని రావమ్మ నోట పలికించి చూసుకునేది, తర్వాత జపాను నోట. ముసలమ్మకీ అది సరదా అయిపోయింది. "నాకింత మిరుకు పొయ్యవే," అని పాలు అడగడం నేర్చింది. అలా అడుగుతూనే ఒకనాడు కర్ర పట్టుకుని నడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూ విజయవాడలో, సౌజన్య ఆఫీసులో కంప్యూటరు ముందు జరిగింది. అవతల జపాను వృద్ధాశ్రమం నుంచి ఒక పెద్దావిడ. మొదటి ప్రశ్నలకి ముంతాజ్ తడుముకోకుండా జవాబులు చెప్పింది. తర్వాత ఆవిడ, "నేను పేషెంటుని అనుకోండి. కొన్సెంతొ ఎక్కడుంది?" అని అడిగింది.

కొన్సెంతొ! ఆపరేషనుకి ముందు తను రోజూ సంతకాలు పెట్టించే కన్సెంటు కాగితమే అనుకుంది ముంతాజ్. హుషారుగా, "సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తాను," అంది జపనీసులో.

ఆవిడ మొహంలో అయోమయం. అయిపోయింది, ఇంత దాకా వచ్చి పోయింది అనుకుంది ముంతాజ్. అయినా ఊపిరి పీల్చుకుని, "క్షమించండి. నాకు అర్థం కాలేదు. ఇంకొక్కసారి చెబుతారా?" అని అడిగింది.

ఆవిడ ఫోను చార్జరు తీసి తెర ముందు ఊపింది. ముంతాజ్ చప్పున తన వెనక గోడకున్న ప్లగ్గు పాయింటు చూపించి, "ఇక్కడుందండీ, నేను పెడతాను," అంది. సంతకం సంగతి అప్పుడు అర్థమై ఆవిడ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది.

బయటికి వచ్చాక సౌజన్య ఓదార్చింది. "మనం కరెంటు అంటే ఇంగ్లీషువాళ్ళకి మాత్రం మనలాగే అర్థమవుతుందా? మాట ఊరు మారితే పనీ మారుతుంది, అంతే."

ముంతాజ్‌కి ఆ మాట సగమే ఎక్కింది. తిరువూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా కొన్సెంతొ అనుకుంటూ తనను తానే తిట్టుకుంది.

వారం పోయాక ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి ఫోను మోగింది.

"తీసుకున్నారమ్మా నిన్ను! అర్థం కానిది అర్థమైనట్టు నటించే నర్సంటే ఆవిడకి భయమట. నువ్వు మళ్ళీ అడిగావు చూడు, అక్కడే నచ్చావట," అంది సౌజన్య.

ముంతాజ్ గుమ్మంలోనే కూలబడింది. సలాం మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక, "ఏమైంది బేటా?" అని రెండుసార్లు అడిగాడు. సంగతి విన్నాక కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. లోపల నుంచి తల్లి అబీదా, "ముందు దానికింత అన్నం పెట్టనివ్వండి," అని కేకేసింది.

ఇంటర్వ్యూ నాటి నుంచీ ముంతాజ్‌కి ముద్ద దిగడం లేదు. ఆ పూట పప్పుచారు పోసుకుని, అడిగి మరీ మారు అన్నం వడ్డించుకుంది.